అరవై దాటిన దంపతులకు ఆట తగునా?

ఆయుర్వేద గ్రంథాలలోని ఒక్క మాటను పట్టుకుని పెద్దవారిని కుర్చీకి కట్టివేయడం మన ఇళ్లలో ఆచారంగా మారుతున్నది. "వ్యాయామం వృద్ధులకు పనికిరాదని శాస్త్రమే చెబుతున్నది కదా!" అని కొడుకులంటారు, కోడళ్లంటారు, ఒక్కొక్కప్పుడు వైద్యులూ అంటారు. అష్టాంగహృదయం సూత్రస్థానంలోని దినచర్యాధ్యాయం చదివినవారెవరూ ఆ మాట లేదనలేరు. వాతపిత్త వ్యాధులు గలవారు, బాలురు, వృద్ధులు, అజీర్ణంతో బాధపడేవారు వ్యాయామాన్ని విడిచిపెట్టవలెనని వాగ్భటాచార్యులు అక్కడ విధించారు. మాట ఉన్నది, నిజమే. కాని వృద్ధుడనగా ఎవరు? వ్యాయామమనగా ఏది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోకుండా ఆ విధిని ఇంట్లో అమలు చేయడం, మోతాదు తెలియకుండా మందు మింగించడం వంటిదే.

ఈ ప్రశ్న ఇటీవల నాకు గోల్ఫ్ ఆట కారణంగా ఎదురైంది. మన పాఠకులలో చాలమందికి ఈ ఆట దూరపు చుట్టమే. లోహపు తల గల పొడవాటి కర్రతో, 46 గ్రాములకు మించని చిన్న బంతిని కొట్టుకుంటూ, దాని వెంట నడుచుకుంటూ పోయి, దూరాన ఉన్న గుంటలో పడవేయడమే ఈ ఆట. అట్టి గుంటలు 18 ఉంటాయి. ఆట పుట్టినది స్కాట్లండు దేశంలో. జనం దీని మోజులో పడి విలువిద్య సాధన మానుతున్నారని అక్కడి పార్లమెంటు 1457లో దీనిని నిషేధించింది. మన దేశానికి ఇది ఆంగ్లేయులతో వచ్చింది. కలకత్తాలోని గోల్ఫ్ క్లబ్బు 1829 నాటిది. నేడు హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా ప్రాంతంలోను, సికింద్రాబాదు కంటోన్మెంటులోను, విశాఖపట్నంలోను గోల్ఫ్ మైదానాలున్నాయి. సైన్యంలో పనిచేసిన కుటుంబాలకు ఈ ఆట బాగా పరిచితం. మనకు గోల్ఫ్ లేకపోయినా ఇక్కడ చెప్పబోయే విషయం ఒకప్పుడు షటిల్ ఆడి మానినవారికీ, కళాశాల రోజులలో టెన్నికాయిట్ ఆడి వంటింట్లోకి పోయిన గృహిణులకూ వర్తిస్తుంది.

ఒక జంట సంగతి

నా వద్దకు వచ్చిన దంపతులు సైనిక్‌పురిలో స్థిరపడినవారు. ఆయన సైన్యంలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. వయస్సు 68. ఆమె పాఠశాలలో గణితం బోధించేవారు. వయస్సు 63. నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉద్యోగం చేసిన కాలంలో ఇద్దరూ కలిసి గోల్ఫ్ ఆడేవారు. ఆ తరువాత బదిలీలు, పిల్లల చదువులు, పక్షవాతంతో మంచం పట్టిన మామగారికి ఆమె ఏడేళ్లు చేసిన సేవ, ఇవన్నీ కలిసి ఆటను అటకెక్కించాయి. పాతికేళ్లు గడిచాయి. పిల్లలు స్థిరపడిన తరువాత ఆయన కర్రల సంచి దించి దుమ్ము దులిపారు.

మొదటి వారంలోనే ఆయన మూడు పర్యాయాలు 18 గుంటల ఆట పూర్తి చేశారు. వెల్లింగ్టన్‌లో బంతి ఎంత దూరం పోయేదో ఇక్కడా అంత దూరం పంపవలెనన్న పట్టుదలతో ప్రతి దెబ్బా నిండు బలంతో కొట్టారు. పదవ రోజుకు నడుము పట్టివేసింది. కుడి మోచేయి లోపలి వైపున నొప్పి మొదలై, కాఫీ గ్లాసు ఎత్తడం కూడ కష్టమైంది. ఇక ఇంట్లో తీర్పు వెలువడింది. విదేశంలో ఉన్న కుమారుడు టెలిఫోనులోనే ఆజ్ఞ వేశాడు, "ఈ వయసులో మీకు ఆటలేమిటి నాన్నా? అమ్మనైనా ఆ మైదానానికి తీసుకువెళ్లకండి!" అని.

ఆమె అప్పటికి ఒక్క దెబ్బ కూడ కొట్టలేదు. ఆయన ఆడి చూసిన తరువాత తానూ మొదలుపెట్టవచ్చునని ఆగి ఉన్నారు. నేను ఆయన నాడి చూసి, నడుము పరీక్షించి, మందు వ్రాస్తుండగా ఆమె మెల్లగా అడిగారు: "ఆయన నొప్పికి మందిస్తారు, సరేనండీ. నేను ఆడవచ్చునా, కూడదా, అది కూడ చెప్పండి డాక్టరుగారూ."

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం. నొప్పి వచ్చినది ఒకరికి, శిక్ష ఇద్దరికీ. ఇట్టి న్యాయం మన ఇళ్లలో కొత్తది కాదు గనుక, దీనిని నలుగురి ముందు చర్చించడం అవసరమనిపించింది.

శాస్త్రంలో వృద్ధుడెవరు?

చరక సంహిత విమానస్థానంలో వయస్సును మూడుగా విభజించి, అరవై ఏళ్ల వరకు మధ్య వయస్సు, ఆపైన వార్ధక్యం అన్నారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో మధ్య వయస్సు డెబ్బై ఏళ్ల వరకు సాగుతుంది. డెబ్బై దాటినవాడే వృద్ధుడు. ఈ లెక్కన నా ఎదుట కూర్చున్న దంపతులు చరకుని మతంలో ఇద్దరూ వృద్ధులే, సుశ్రుతుని మతంలో ఒక్కరూ కారు. ఇద్దరు మహాచార్యుల మధ్య పదేళ్ల అంతరం ఉన్నప్పుడు, కేవలం జన్మదినాన్ని చూసి ఒక మనిషికి ఆట మాన్పించడం శాస్త్రసమ్మతం ఎట్లా అవుతుంది?

ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. రోగిని పది విధాలుగా పరీక్షించవలెనని అదే విమానస్థానం చెబుతున్నది. ప్రకృతి, వికృతి, ధాతుసారం, శరీర సంహననం, ప్రమాణం, సాత్మ్యం, మనోబలం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. ఇవీ ఆ పది. తొమ్మిదవది వ్యాయామశక్తి, పదవది వయస్సు. ఈ రెండింటినీ ఆచార్యులు వేరువేరుగా లెక్కించారు. వయస్సు తెలిస్తే వ్యాయామశక్తి దానంతటదే తెలిసిపోయేటట్లయితే తొమ్మిదవ పరీక్షకు పనే లేదు. పని చేయించి చూసి శక్తిని నిర్ణయించవలెను, పుట్టిన సంవత్సరం చూసి కాదు. గురుకులంలో మా ఆచార్యులు, ఒక శ్లోకపాదాన్ని ఒంటరిగా పట్టుకోవద్దు, దాని ముందు వెనుకలను, ఇతర సంహితలను కలిపి చూడవలెనని మాకు నేర్పారు. ఆ పద్ధతిలో చూస్తే వాగ్భటుని నిషేధం శక్తి క్షీణించిన వృద్ధునికి, అతని శక్తిని మించిన వ్యాయామానికి సంబంధించినదని నా నిశ్చితాభిప్రాయం.

నడక వేరు, దెబ్బ వేరు

ఇక రెండవ ప్రశ్న. శరీరానికి ఆయాసం కలిగించే పనికి వ్యాయామమని పేరని సుశ్రుతుడు చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో నిర్వచించాడు. అదే అధ్యాయంలో చంక్రమణాన్ని, అనగా నడకను, వేరుగా చెప్పాడు. శరీరాన్ని అతిగా పీడించని నడక ఆయుస్సును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని పెంచి ఇంద్రియాలను మేల్కొలుపుతుందని ఆయన అభిప్రాయం. వ్యాయామం చేసేవానిని ముసలితనం హఠాత్తుగా వచ్చి ఆక్రమించదని కూడ అక్కడే ఉన్నది.

గోల్ఫ్‌ను ఈ దృష్టితో పరిశీలించండి. అందులో రెండు పనులున్నాయి. ఒకటి పచ్చికపై ఎగుడుదిగుడు నేల మీద సాగే నడక. 18 గుంటల ఆట ముగిసేసరికి మనిషి ఏడెనిమిది కిలోమీటర్లు నడుస్తాడు, సుమారు నాలుగు గంటలు పడుతుంది. మధ్య మధ్య నిలబడడం ఉంటుంది కనుక ఆయాసం పెరగదు. ఇది చంక్రమణం. రెండవది దెబ్బ. కాళ్లు నేలకు అదిమి, నడుమును, వెన్నును ఒక వైపుకు పూర్తిగా మెలితిప్పి, క్షణంలో రెండవ వైపుకు విడుదల చేయడం. ఇది వ్యాయామం, అందులోనూ ఒకే దిక్కుకు తిరిగే విషమ వ్యాయామం. కటి, భుజం, మోచేయి, మోకాలు, అనగా వాతానికి స్థానమైన కటి, అస్థులే దీని భారాన్ని మోస్తాయి. వార్ధక్యం సహజంగా వాతకాలం గనుక అక్కడే నొప్పి పుడుతుంది.

కాబట్టి అరవై దాటినవారికి గోల్ఫ్‌లో నడక ఔషధం, దెబ్బ మోతాదు చూసుకోవలసిన ద్రవ్యం. ఈ రోజులలో కొందరు బ్యాటరీ బండి ఎక్కి మైదానమంతా తిరిగి, దిగి బంతిని బలంగా కొట్టి, మళ్లీ బండి ఎక్కుతున్నారు. వీరు ఔషధాన్ని పారబోసి, అపాయకరమైన భాగాన్ని మాత్రమే పుచ్చుకుంటున్నారు. కర్రల సంచి బరువు భుజానికి వద్దు; దానిని కేడీకి గాని, తోపుడు బండికి గాని అప్పగించండి. నడక మాత్రం మీదే కావలెను.

ఈ విషయంలో పాశ్చాత్యుల పరిశీలన కూడ చెప్పుకోదగినది. స్వీడన్ దేశంలో సుమారు మూడు లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్లను, వయస్సు, స్త్రీ పురుష భేదం, సామాజిక స్థితి సమానంగా గల ఇతరులతో పోల్చి 2009లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఆడేవారిలో మరణాల రేటు సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. దీనిని చూసి గోల్ఫ్ మృత్యుంజయమని ఎగిరి గంతు వేయనక్కరలేదు. ఆరోగ్యం ఉన్నవారే ఆటకు పోతారన్నది కూడ అందులో కలిసి ఉంటుంది. అయినా పెద్దవయస్సులో మైదానానికి పోవడం తనంతట తాను హాని అన్న వాదానికి అది తగిన సమాధానమే.

చేతికి జ్ఞాపకం, ధాతువులకు విస్మృతి

మరి మా ఇంజనీరుగారికి నొప్పి ఎందుకు వచ్చింది? వయస్సు వల్ల అని ఇంట్లోవారి తీర్పు. పాతికేళ్ల ఎడం వల్ల అని నా నిర్ణయం.

ఒకసారి బాగా నేర్చిన విద్యను చేయి సులభంగా మరువదు. ఈత నేర్చినవాడు ముప్పై ఏళ్ల తరువాత చెరువులో దూకినా చేతులు ఆడిస్తాడు. కాని చెరువు అవతలి గట్టు చేరే దమ్ము మిగిలి ఉందా అన్నది వేరే ప్రశ్న. కౌశలం మనస్సులో ఉంటుంది, బలం మాంసంలో, అస్థిలో, స్నాయువులలో ఉంటుంది. వాడని ధాతువు క్షీణిస్తుంది. తిరిగి ఆటకు వచ్చేవారికి అసలు ప్రమాదం ఇదే. బొత్తిగా కొత్తవాడు భయపడుతూ నెమ్మదిగా నేర్చుకుంటాడు. పాత ఆటగాడు నలభై ఏళ్లనాటి మనస్సుతో అరవై ఎనిమిదేళ్ల నడుమును ఆజ్ఞాపిస్తాడు.

ప్రపంచ ప్రసిద్ధ ఆటగాళ్లలో టామ్ వాట్సన్ ఉదాహరణ చూడండి. 2008లో ఆయనకు తుంటి కీలు మార్పిడి జరిగింది. మరుసటి సంవత్సరం, 59 ఏళ్ల వయస్సులో, స్కాట్లండులోని టర్న్‌బెరీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్ పోటీలో నాలుగు రోజులు, 72 గుంటలు ఆడి, తనకన్న ఎంతో చిన్నవాడైన స్టివార్ట్ సింక్‌తో సమానంగా నిలిచాడు. విజేతను తేల్చడానికి అదనంగా ఆడించిన నాలుగు గుంటలలో మాత్రం ఆరు దెబ్బల తేడాతో ఓడిపోయాడు. ఈ వృత్తాంతంలో నాకు రెండు పాఠాలు కనబడుతున్నాయి. వయస్సు కౌశలాన్ని దోచుకోదు. కాని పెద్దవయస్సులో శరీరపు నిల్వ ధనం తక్కువ, దానిని ఆఖరి పైసా వరకు ఖర్చు చేయరాదు. ఆయనైతే ఆట ఏనాడూ మానని సాధకుడు. పాతికేళ్లు మానినవారు ఇంకెంత జాగ్రత్త వహించవలెను!

పావు వంతు చొప్పున

ఇట్టి సందర్భానికి చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఒక అమూల్యమైన మార్గం చూపాడు. అదే పాదాంశిక క్రమం. చెడు అలవాటును విడిచేటప్పుడైనా, మంచి అలవాటును చేపట్టేటప్పుడైనా ఒక్కసారిగా కాక, పాదం చొప్పున, అనగా పావు వంతు చొప్పున, మధ్యలో ఒకటి, రెండు, మూడు దినాల ఎడమిస్తూ సాగవలెనని దాని సారం. అట్లా వచ్చిన గుణం స్థిరపడుతుంది. మేలైన అలవాటైనా ఒక్కసారి మీద పడితే శరీరానికి అది అలవాటు కాని వస్తువే. ఆ అధ్యాయంలోనే అతివ్యాయామం వల్ల అలసట, ధాతుక్షయం, దాహం, దగ్గు, జ్వరం, శ్వాస మొదలైనవి కలుగుతాయని హెచ్చరిక కూడ ఉన్నది.

ఆ దంపతులకు నేను వ్రాసి ఇచ్చిన క్రమం ఇది. మొదట ఆయనకు మూడు వారాలు దెబ్బ నిషిద్ధం, సమనేల మీద నడక మాత్రమే. నొప్పి తగ్గిన తరువాత ఇద్దరూ కలిసి ఆరంభించవలెను.

మొదటి పాదం మూడు వారాలు. మైదానంలో అరగంట నడక, గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించే అభ్యాసం, అంతే. రెండవ పాదం నాలుగు వారాలు. నాలుగైదు గుంటల ఆట, వారానికి రెండు దినాలు. ఆట దినానికీ ఆట దినానికీ నడుమ కనీసం రెండు రోజుల ఎడం. మూడవ పాదం ఆరు వారాలు. తొమ్మిది గుంటలు, అదే ఎడంతో. నాలుగవ పాదం, అనగా పూర్తి 18 గుంటలు, శరీరం తనంతట తాను అడిగినప్పుడే. అడగకపోతే తొమ్మిదితో తృప్తి పడడం ఓటమి కాదు. ఏ పాదంలోనైనా మరునాటి ఉదయానికి నొప్పి గాని, బిగువు గాని మిగిలి ఉంటే వెనుకటి పాదానికి రావలెను.

దెబ్బ కొట్టడంలో అర్ధశక్తి నియమం. బలవంతులు, స్నిగ్ధాహారం తినేవారు సైతం శీతకాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం వరకే వ్యాయామం చేయవలెనని, తక్కిన కాలాలలో అంతకన్న తగ్గించవలెనని వాగ్భటుడు చెప్పాడు. సగం శక్తి వినియోగమైనదనడానికి గుర్తు, శ్వాస నోటివరకు రావడం, అనగా నోరు తెరిచి ఊపిరి తీయవలసి రావడం. నుదుటి మీద, ముక్కు మీద, చంకలలో చెమట పట్టి నోరెండడం కూడ పెద్దలు చెప్పే గుర్తులే. ఆ గుర్తు కనబడితే ఆనాటికి ఆట ముగిసినట్లే, ఎన్ని గుంటలు మిగిలినా సరే.

ఇద్దరికీ ఒకే మైదానం

ఆమె ప్రశ్నకు నా సమాధానం, "తప్పక ఆడండి" అని. ఆమె సన్నని శరీరం గల వాతప్రకృతి మనిషి. జఠరాగ్ని బాగున్నది, నిద్ర తక్కువ, మోకాళ్లలో కొంచెం చప్పుడు. రక్తపోటు, చక్కెర అదుపులో ఉన్నాయి. ఆడకూడదనడానికి నాకు ఒక్క కారణం కూడ కనబడలేదు.

"ఇంటి పని చేస్తూనే ఉన్నది కదా, ఆమెకు వేరే వ్యాయామమెందుకు?" అని చాలమంది భర్తలు, కొడుకులు నన్ను అడుగుతారు. ఇంటి పని శ్రమ. శ్రమ అంతా వ్యాయామం కాదు. శరీరానికి స్థైర్యాన్ని, బలాన్ని పెంచేదీ, మనస్సుకు ఇష్టమైనదీ అయిన చేష్టనే చరకుడు వ్యాయామమన్నాడు, అదీ మితంగా. వంటింట్లో నిలబడి మోకాళ్లు అరగదీసుకోవడంలో ఆ ఇష్టం ఎక్కడున్నది? సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఆయా విషయాలలో శ్రేష్ఠమైనవాటి పట్టిక ఒకటి ఉన్నది. స్థైర్యాన్ని ఇచ్చేవాటిలో వ్యాయామం, తృప్తినిచ్చేవాటిలో హర్షం, రోగాన్ని పెంచేవాటిలో విషాదం అగ్రగణ్యమని అందులో చెప్పారు. ఏడేళ్లు మామగారి మంచం పక్కన కూర్చున్న ఇల్లాలు పచ్చిక మీద నడుస్తూ మళ్లీ నవ్వగలిగితే, ఆ నవ్వు కూడ చికిత్సలో భాగమే.

గోల్ఫ్‌లో నాకు ముచ్చట గొలిపినది మరొకటి ఉన్నది. బలాబలాల తేడా గలవారు సమానంగా పోటీపడే ఏర్పాటు ఆ ఆట నియమాలలోనే ఉన్నది. ఒక్కొక్కరి స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు మినహాయింపు ఇస్తారు; దానిని హ్యాండికాప్ అంటారు. 2020 నుండి ప్రపంచమంతటికీ ఒకే లెక్క అమలులోకి వచ్చింది. స్త్రీ పురుషులకు ఎవరికైనా 54 వరకు మినహాయింపు సూచిక లభిస్తుంది. బంతిని మొదట కొట్టే స్థానాలు కూడ దగ్గరగా కొన్ని, దూరంగా కొన్ని ఉంటాయి. ఎవరి బలానికి తగినది వారికన్న మన శాస్త్ర సూత్రాన్నే ఆ ఆట మరొక భాషలో చెబుతున్నది. పెద్దవారు దగ్గరి స్థానం నుండి కొట్టడానికి సిగ్గుపడరాదు. మా ఇంజనీరుగారికి ఈ ఒక్క మాట ఒప్పించడానికి కషాయం త్రాగించడం కన్న ఎక్కువ శ్రమ పడవలసి వచ్చింది!

నాలుగు నెలలు గడిచిన తరువాత చెబుతున్నాను. ఇద్దరూ వారానికి రెండు ఉదయాలు తొమ్మిది గుంటలు ఆడుతున్నారు. ఆయన బంతి మునుపటి దూరం పోవడం లేదు, నడుము మాత్రం నిలిచి ఉన్నది. ఆమెకు నిద్ర బాగుపడింది. లెక్కల పంతులమ్మగారు గనుక దెబ్బల లెక్క ఆమె చేతిలోనే ఉన్నదట. ఆయన ఒక్క దెబ్బ కూడ తగ్గించి చెప్పడానికి వీలు లేకుండా పోయింది.

ఇంట్లో పాటించవలసినవి

ఆటకు అరగంట ముందు వెచ్చని నువ్వుల నూనెతో నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్లు, అరికాళ్లు పది నిమిషాలు మర్దించుకోవలెను. అరికాళ్లను తరువాత శుభ్రంగా తుడవండి, జారే ప్రమాదముంటుంది. అభ్యంగం జరను, శ్రమను, వాతాన్ని హరిస్తుందని దినచర్యలో చెప్పారు. అజీర్ణం, జ్వరం, జలుబు ఉన్న దినాన నూనె వద్దు, ఆటా వద్దు.

కడుపునిండా తిని ఆడరాదు. రెండు ఇడ్లీలు గాని, కొద్దిగా అటుకులు గాని తిని గంట ఆగితే చాలు. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పరగడుపున మైదానానికి పోకూడదు. జేబులో బెల్లం ముక్క గాని, గ్లూకోజు గాని ఉంచుకోవలెను.

దాహానికి పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠిపొడి, కొద్దిగా సైంధవ లవణం, కరివేపాకు వేసి సీసాలో తీసుకుపోండి. రక్తపోటు గలవారు ఉప్పు మానవచ్చు. మజ్జిగ పడనివారికి ధనియాలు కాచి చల్లార్చిన నీరు మంచిది. దాహం వేసేదాకా ఆగవద్దు, పెద్దవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది.

ఆట ముగిసిన వెంటనే చల్లని నీరు పోసుకోకూడదు. చెమట ఆరిన తరువాత వావిలాకు వేసి మరిగించి, తగిన వేడికి చల్లార్చిన నీటితో స్నానం చేస్తే ఒళ్లు నొప్పులు దిగుతాయి. తలకు మాత్రం వేడి నీరు వద్దు, గోరువెచ్చని నీరు చాలును. సాయంకాలం నడుము బిగువుగా ఉంటే ఆముదపు ఆకును వెచ్చజేసి కాపడం పెట్టండి. వాపు, ఎరుపు, వేడి ఉన్నచోట మర్దన గాని కాపడం గాని చేయక వైద్యునికి చూపవలెను.

జీర్ణశక్తి బాగున్నవారు నేతితో కట్టిన మినప సున్నుండ ఒకటి ఆట దినాన తినవచ్చు, మాంసధాతువుకు బలం. చక్కెర వ్యాధి ఉంటే వద్దు. అశ్వగంధ మొదలైన బల్య ఔషధాలు వైద్య సలహా లేకుండా కొని వాడవద్దు, ఇతర మందులతో వాటి పొత్తు చూడవలసి ఉంటుంది.

గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఎండను విడువవలెనని ఋతుచర్య శాసిస్తున్నది. మన ప్రాంతంలో ఎండ ఫాల్గుణంలోనే ముదురుతుంది. కనుక ఉగాది మొదలు తొలకరి దాకా ఉదయం ఎనిమిది లోపల ఇంటికి చేరవలెను. వడగాలి దినాలలో మైదానం ముఖమే చూడరాదు.

ఎవరు ఆగవలెను?

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండెకు గాని కీళ్లకు గాని శస్త్రచికిత్స జరిగినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఎముకలు గుల్లబారినవారు, నడుము నుండి కాలిలోకి తిమ్మిరి దిగేవారు తమ వైద్యుని అనుమతి లేనిదే ఆరంభించరాదు. అరవై దాటిన ఎవరైనా మొదటి పాదానికి ముందే రక్తపోటు, చక్కెర, గుండె, కంటిచూపు పరీక్ష చేయించుకోవలెను. ఆడుతుండగా ఛాతీలో బరువు, దవడలోకో ఎడమ చేతిలోకో పాకే నొప్పి, తల తిరగడం, చల్లని చెమట కలిగితే ఆట అక్కడికక్కడ ఆపి ఆసుపత్రికి పోవలెను. ఇంటికి వచ్చి శొంఠి కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు. ఆటకోసం నొప్పి మాత్ర మింగి బయలుదేరడం అన్నిటికన్న చెడ్డ అలవాటు. నొప్పి శరీరం పంపే వార్త. వార్తాహరుని నోరు నొక్కితే వార్త అబద్ధం కాదు.

తల్లిదండ్రుల మేలు కోరే పిల్లలకు చివరిగా ఒక విన్నపం. వారి వయస్సు మీకు తెలుసు. వారి వ్యాయామశక్తి ఎంతో మీరు ఎన్నడైనా చూశారా? ఒక ఉదయం వారితో కలిసి నాలుగు గుంటల దూరం నడవండి. మైదానం లేకపోతే వీధి చివరి వరకు నడవండి. ముందుగా నోరు తెరిచి ఊపిరి పీల్చేది ఎవరో గమనించి, అప్పుడు ఆట ఎవరికి అవసరమో నిర్ణయించండి.